మల్లక్క తుడిచిన బల్లలు

గోదావరిఖనిలో ఒక పాత గెస్ట్ హౌసు. దాని ముందు హాల్లో ఐదు చిన్న బల్లలుండేవి. ఏ రెండింటికీ చుట్టరికం లేదు. ఒక్కో కాలంలో ఒక్కో పెద్దమనిషి తన ముచ్చట కొద్దీ ఒక్కోటి కొనిపించి, బదిలీ అయినప్పుడు ఇక్కడే వదిలి పోయాడు. టేకుది ఒకటి, పాలరాతిది ఒకటి, అద్దానిది ఒకటి, ఇత్తడి పళ్లెం బిగించింది ఒకటి, పేముతో అల్లింది ఒకటి. కొనిపించిన వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. బల్లలు మాత్రం పద్నాలుగేళ్లుగా మల్లక్క చేతి కింద బతుకుతున్నాయి.

మల్లక్క అసలు పేరు మల్లమ్మ. మంథని అవతల పల్లెలో పుట్టి, పదిహేడేళ్లకు సదయ్యను చేసుకుని బొగ్గు ఊరికి వచ్చింది. సదయ్య గనిలో టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఇప్పుడు ఆయన గని లేదు, ఊపిరీ సరిగా లేదు. వచ్చే పింఛను ఆయన మాత్రలకే చాలదు. యాభై రెండేళ్ల మల్లక్క గెస్ట్ హౌసులో ఊడ్చి తుడిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి.

బల్ల తుడవడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లు బొగ్గు ఊళ్లో బతకనివాళ్లు. ఇక్కడ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అవుతుంది. కిటికీలు ఎంత బిగించినా పావుగంటలో ఇంట్లో ప్రతి వస్తువు మీదా నల్లటి పొర దిగుతుంది. చూడ్డానికి కాటుకలా మెత్తగా ఉంటుంది గానీ అది రాయి. దాని మీద తడిగుడ్డ పెట్టి రుద్దారంటే బల్లను గరుకు కాగితంతో గీకినట్టే. ముందు దుమ్మును ఎత్తాలి, తర్వాతే తుడవాలి. కొత్త కోడళ్లు తడిగుడ్డతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి సన్మైకా మెరుపు పోయిందని ఏడుస్తారు.

మల్లక్క దగ్గర మెత్తబడిపోయిన సున్నపు కుంచె ఒకటుండేది. దానితో అంచు నుంచి అంచుకు, నొక్కకుండా, పసిపిల్ల ఒంటి మీద పౌడరు దులిపినట్టు దులిపేది. తర్వాత బల్లను బట్టి పని. అద్దానికి తడిపిన న్యూస్ పేపరు. ఇత్తడికి చింతపండు, జల్లించిన బూడిద. కడిగిన వెంటనే చుక్క నీరు లేకుండా ఒత్తాలి, లేకపోతే పచ్చగా చిలుం పడుతుంది. అదే చింతపండు చెయ్యి పాలరాతి మీద పెట్టారో, రాయిని పులుపు తినేస్తుంది, ఆ మచ్చ ఇక దిగదు. అందుకే ఆమె ముందు పాలరాయి ముగించి, ఆ తర్వాతే ఇత్తడి దగ్గరికి పోయేది. పేము సందుల్లో పళ్లు తోమే బ్రష్షు, నెలకోసారి ఉప్పునీళ్లు, నీడలో ఆరబెట్టడం. ఎండలో పెడితే పెళుసెక్కి విరుగుతుంది.

టేకు బల్ల సంగతే వేరు. అది వడ్ల పోశం, అంటే ఊళ్లో వడ్రంగి, చేసింది. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర వేసి మెరిపించిన బల్ల. మల్లక్క పనిలో చేరిన కొత్తలో పోశమే ఆమెను నిలబెట్టి చెప్పాడు.

"సూడు చెల్లె, దీనికి నీళ్లు సూపియ్యకు. తడి తాకితే తెల్లగ మబ్బు పట్టినట్టయితది. నెలకు రెండు సుక్కలు అవిసె నూనె, గంతే. నా పెండ్లాన్ని గూడ గింత మంచిగ సూసుకోలె నేను."

"గా సంగతి వదినె చెప్పింది లే," అంది మల్లక్క.

గెస్ట్ హౌసు పని కాంట్రాక్టుది. రెండేళ్లకోసారి కాంట్రాక్టరు మారుతాడు. ఆయన మొహం ఎవరూ చూడరు. కనపడేది ఆయన మనిషి సంపత్. మారిన ప్రతిసారీ కొత్త లిస్టు. పాత పేర్లు అందులోకి ఎక్కుతాయా లేదా అన్నదే ఈ ఊళ్లో సగం మంది ఆడవాళ్ల జాతకం. ఈసారి సంపత్ ముందే చెప్పేశాడు: ఉన్న ఐదుగురిలో ముగ్గురే ఉంటారు, హైదరాబాద్ నుంచి ట్రైనింగు ఇచ్చే పిల్లగాడు వస్తాడు, అది చూసుకుని గెస్ట్ హౌసు చూసే కంపెనీ పెద్దసారు పేర్లు ఖాయం చేస్తాడు.

మల్లక్కకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. ఆమె వయసు మనిషిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఉన్న చోట ఉంటేనే ఉన్నట్టు.

ట్రైనింగు పిల్లగాడి పేరు అభినవ్. మంథని వాళ్ల అబ్బాయే. హైదరాబాద్‌లో హోటళ్ల చదువేదో చదివాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో నీలం సీసా. ఆడవాళ్లయిదుగురినీ హాల్లో వరసగా నిలబెట్టి, చిన్నపిల్లలకు అఆలు చెప్పినట్టు చెప్పాడు.

"చూడండమ్మా, ఇకనుంచి చెక్కకొకటి, గాజుకొకటి, ఇత్తడికొకటి అని పెట్టుకోవక్కర్లేదు. అన్నింటికీ ఒక్కటే స్ప్రే. కొట్టాలి, తుడవాలి. బల్లకి ముప్పై సెకన్లు."

అప్పుడే బ్లాస్టింగు అయి పావుగంట. బల్లల మీద నల్లటి పొర కనపడుతూనే ఉంది. అతను టేకు బల్ల వైపు సీసా ఎత్తాడు. మల్లక్క ఉండబట్టలేకపోయింది.

"బాబూ, ముందుగాల దుమ్ము ఎత్తాలె. గిది బొగ్గు దుమ్ము. తడి తాకితే గీసుకుంటది. గా బల్లకైతే తడి అస్సలే పడది."

అభినవ్ సంపత్ వైపు చూశాడు. సంపత్ నవ్వాడు.

"అక్కా, నువ్వు నేర్సుకోనీకి వచ్చినవా, నేర్పనీకి వచ్చినవా? నేర్పనీకైతే చెప్పు, సారుకు సెలవిచ్చి పంపుత."

అందరూ నవ్వారు. మల్లక్క కూడా నవ్వింది. పేర్లు రాసేవాడు నవ్వినప్పుడు నవ్వకపోతే ఏమవుతుందో పద్నాలుగేళ్లలో ఆమెకు తెలియని సంగతి కాదు.

అభినవ్ స్ప్రే కొట్టాడు. తువ్వాలు గుడ్డతో గుండ్రంగా, గట్టిగా రుద్దాడు. బల్ల తడితడిగా తళతళలాడింది. సంపత్ చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. రేపు పది గంటలకు పెద్దసారు వచ్చి చూస్తాడని చెప్పి, ఇద్దరూ చౌరస్తాలో బిర్యానీకి పోయారు.

అరగంటకు తడి ఆరింది. టేకు బల్ల నడుమ చేటంత తెల్ల మబ్బు తేలింది. వంగి చూస్తే దాని కింద కోడి గీకినట్టు సన్నటి గీతలు, గుండ్రంగా, ఎన్నో.

దీప కూడా చూసింది. దీప నస్పూర్ పిల్ల, ఇరవై నాలుగేళ్లుంటాయి, పనిలో చేరి రెండేళ్లు. చురుకైంది. నోట్లో మాట దాచుకోదు.

"అక్కా, మంచిగైంది. గట్లనే ఉంచు," అంది మెల్లగా. "రేపు పెద్దసారు తన కండ్లతోని సూస్తడు. ఏమైందంటే నువ్వు ముందే చెప్పినవని నేను చెప్త. గప్పుడు నీ పేరు మొదలు రాస్తరు."

"ఇయ్యాల హాలు డ్యూటీ నాది."

"అయితే ఏంది? పాడుజేసింది వాడు."

"నా షిఫ్టుల పాడైంది దీపా. గట్లనే ఇడిసి ఎట్ల పోతరు?"

"నీకు పిచ్చి ఉన్నదక్కా," అని దీప సంచి తీసుకుని ఇంటికి పోయింది.

అది పిచ్చి కాదు, సదయ్య నేర్పిన అలవాటు. పెళ్లయిన కొత్తలో ఆయన షిఫ్టు దిగి రెండు గంటలు ఆలస్యంగా వచ్చేవాడు. ఎందుకని అడిగితే, "నా షిఫ్టుల ఒరిగిన దుంగను నా షిఫ్టులనే సక్కజెయ్యాలె. ఎనుక వచ్చెటోడు ఏం తెల్వక దాని కిందనే కూసుంటడు," అనేవాడు. ఓవర్‌టైము లేదు, మెచ్చుకునేవాడు లేడు. వాళ్లుండే కార్మికుల లైన్ క్వార్టర్లలో టింబర్‌మన్‌ల ఇళ్లన్నింట్లో అదే పాట. మగవాళ్లు గనిలో చేసింది ఆడవాళ్లు ఇంట్లో చేశారు. అడుగంటిన గిన్నెను తోడికోడలికి వదలకూడదు. తెగిన తాడును బావి మీద వదలకూడదు. మల్లక్క దాన్ని ఇంతదూరం మోసుకొచ్చి గెస్ట్ హౌసు హాల్లో దించింది.

ఎండలో నడిచి పోశం ఇంటికి పోయింది. పోశానికి చూపు మందగించింది గానీ వాసనతో సీసాలు గుర్తుపడతాడు. లక్క కరిగించిన స్పిరిట్ చిన్న సీసాలో పోసిచ్చాడు.

"ఎవడు పోసిండు నీళ్లు?"

"సదువుకున్నోడు."

"గట్లనా," అన్నాడు పోశం. "అయితే గీతలు గూడ ఉంటయి."

తిరిగొచ్చి, వంటగది వెనక కట్టెల పొయ్యి బూడిదను పలుచటి గుడ్డలో వేసి జల్లించింది. వేళ్ల మధ్య రుద్దితే పిండిలా ఉండాలి, ఇంత పలుకు తగిలినా మళ్లీ జల్లించాలి. అవిసె నూనెలో కలిపి, చెక్క లోపలి చేవ గీతల వెంబడే, పొడుగ్గా, వేలి కొసలతో రుద్దింది. గుండ్రంగా రుద్దితే మబ్బు పోతుంది కానీ కొత్త గీతలొస్తాయి. గంట దాటాక తెలుపు పలుచబడింది. రెండో గంటకు గీతలు మునిగాయి. అప్పుడు దూదిని గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి, పిండి, ఒక్క పొర ఆగకుండా లాగింది; నడుమ ఆగితే అక్కడ మరక. ఆరాక ఇంకో పొర. ఆరు గంటలకు నడుం నిలబెట్టుకుని చూసింది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు అందులో. పోశం చేతిలోంచి వచ్చిన రోజున కూడా అంత మెరిసి ఉండదు. కొంచెం గర్వపడింది కూడా. నేను అబద్ధం రాయను, ఆ గర్వమే లేకపోతే ఆమె ఆ పని అంత బాగా చేసి ఉండేది కాదు.

మర్నాడు పది గంటలకు పెద్దసారు వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని టేకు బల్ల మీదికి వంగాడు. వేలితో గీసి, వేలు చూసుకున్నాడు.

"బాగుంది. చాలా బాగుంది. ఏం వాడారు దీనికి?"

సంపత్ నీలం సీసా పైకెత్తాడు. "గిదే సార్. బల్లకు ముప్పై సెకండ్లు."

అభినవ్ ఫొటో తీసుకున్నాడు. అతను అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. తన సీసా మహిమే అనుకున్నాడు పాపం. మల్లక్క గోడ పక్కన నిలబడి ఉంది. దీప మోచేత్తో పొడిచింది. చెప్పు అని. ఏమని చెప్పాలి? బల్ల పాడైంది సారూ అంటే, ఏదీ అంటాడు.

మధ్యాహ్నం లిస్టు చదివారు. మూడు పేర్లు. దీప పేరుంది. మల్లక్క పేరు లేదు.

అందరూ పోయిందాకా ఆగి, మల్లక్క సంపత్ దగ్గరికి పోయింది.

"తమ్మీ, నా పేరు మరిసిపోయినవా?"

"మరువలేదక్కా. నీకు యాభై దాటింది. ఇగ గిప్పుడు పనేమున్నది, స్ప్రే కొట్టుడే గద. దానికి పద్నాలుగేండ్ల అనుభవం ఏం జేసుకోవాలె? పెద్దసారే అన్నడు, సిన్న పిల్లలైతే జల్ది జల్ది చేస్తరని."

"గా స్ప్రే తోని నిన్న బల్ల పాడైంది. నేనే బాగుజేసిన, మూడు గంటలు కూసోని."

సంపత్ నిజంగానే పోయి బల్ల మీదికి వంగాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"ఏదక్కా? మరక సూపియ్యి. ఉంటే సూపియ్యి, నీ పేరు ఇప్పుడే రాయిస్త."

"ఇప్పుడేడ ఉంటది? పోగొట్టిన గద. గా సీసతోని ఇంకొక్కపారి కొట్టి అరగంట ఆగు, నువ్వే సూస్తవ్."

"పెద్దసారు సూసి మెచ్చిండు, ఫొటో గూడ తీసిన్రు. ఇప్పుడు నా చేతులార నేను పాడుజేసుకోవాల్నా? నన్ను గూడ నీతోని ఇంటికి తోల్కపోతవా ఏంది?"

మల్లక్క కుంచె సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో సదయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. నవ్వబోయి దగ్గాడు, దగ్గు ఆగిందాకా ఆమె వీపు రాసింది.

"పిచ్చిదానా, నేను చెప్పింది గని ముచ్చట," అన్నాడు. "దుంగ కింద మనిషుంటడు గనక సక్కజెయ్యాలె అన్న. గెస్ట్ హౌసు బల్ల కింద ఎవడుంటడే?"

"ముప్పై ఐదేండ్ల సంది వింటున్న. గిప్పుడు చెప్తున్నవా గీ ముక్క?"

"నువ్వు బల్లలకు గూడ పెడ్తవని నాకేం ఎరుక."

మల్లక్క ఆఫీసర్ల కాలనీలో రెండిళ్లలో అంట్లు తోమే పని చూసుకుంది. పాత జీతంలో సగం కూడా రాదు. సదయ్య మాత్రల్లో ఒకటి మానేశాడు. డాక్టరు మానమన్నాడని చెప్పాడు. డాక్టరు దగ్గరికి పోయి నెల దాటిందని ఆమెకు తెలుసు, అయినా ఊ అంది.

మూడు వారాలకు సంపత్ ఫోను చేశాడు.

"అక్కా, మంచిగున్నవా? అన్న పానం ఎట్లున్నది?"

"ఉన్నడు. చెప్పు."

"ఏం లేదు. గా టేకు బల్ల జర తెల్లగైంది. అంతట ఎక్కింది. గీతలు గూడ వడ్డయి. ఎల్లుండి పెద్దోళ్లు దిగుతున్నరు. నువ్వేదో పూసినన్నవు గద, గదేందో ఫోన్ల చెప్పు, దీపతోని పెట్టిస్త."

మల్లక్క తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. చేతి తడి కొంగుకు తుడుచుకుంది.

"నా పేరు రాస్తవా?"

"లిస్టు పైకి పోయింది గదక్కా. వచ్చేసారి తప్పక సూద్దాం."

వచ్చేసారంటే రెండేళ్లు. చెప్పడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టదు. బూడిద, నూనె, చేవ వెంబడి. మాట నాలుక కొస దాకా వచ్చింది.

"నాకు గుర్తులేదు తమ్మీ."

"గట్లంటవేందక్కా. పద్నాలుగేండ్లు చేసినవ్."

"సీస మీద రాసుంటది సూడు," అని ఫోను పెట్టేసింది.

సాయంత్రం సదయ్యకు చెబితే, "మంచిగ బుద్ధి చెప్పినవ్" అన్నాడు. కానీ సంపత్‌కు ఏం కాదని ఆమెకు తెలుసు. సంపత్ లాంటివాళ్లకు ఎప్పుడూ ఏమీ కాదు. ఇప్పుడు హాలు డ్యూటీ దీపది. దీపకు తనే ఫోను చేసి చెబుదామా అని ఫోను చేతిలోకి తీసుకుంది. చెబితే బల్ల మళ్లీ మెరుస్తుంది, సీసా మళ్లీ గెలుస్తుంది. చెప్పకపోతే ఒకవేళ, ఒక్కవేళ, తనను పిలుస్తారేమో. ఆ ఒక్కవేళ కోసం ఫోను కింద పెట్టింది. మర్నాడూ చేయలేదు.

ఎవరూ పిలవలేదు.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం దీప వచ్చింది. గడప దగ్గరే కూర్చుంది. మల్లక్క మంచినీళ్లిచ్చింది.

"నన్ను తీసేసిన్రక్కా. బల్ల నేనే పాడుజేసిన్నట. స్ప్రే సరిగ్గ కొట్టరాదట నాకు."

"బల్ల?"

"ఎనుక స్టోరుల పడేసిన్రు. గా జాగల ప్లాస్టిక్‌ది తెచ్చిపెట్టిన్రు. పాలరాతి బల్ల గూడ మసకైంది, దాన్ని గూడ తీస్తరట." దీప నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "సంపతన్న నీకు ఫోన్ చేసిండట గద. గుర్తులేదన్నవట."

మల్లక్క గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నేనే చేద్దామనుకున్న నీకు. నిన్ను తీసినకాడ నేను నిలబడ్డ, ఏ మొఖం పెట్టుకోని అడగాలె అని ఊకున్న. నువ్వన్న చేస్తవేమో అని సూసిన." దీప చెప్పులు దగ్గరికి లాక్కుంది. "ఇంతకు ఏం పెడ్తరక్కా దానికి?"

మల్లక్క చెప్పింది. జల్లించిన బూడిద. అవిసె నూనె. చేవ వెంబడి, పొడుగ్గా, వేలి కొసలతో. తర్వాత లక్క, ఒక్క పొర, ఆగకుండా. పోశం దగ్గర దొరుకుతుంది.

దీప చివరిదాకా విన్నది.

"గంతేనా?"

"గంతే."

దీప లేచి చెప్పులేసుకుంది. లోపలి నుంచి సదయ్య, ఎవరొచ్చిన్రే అని అడిగాడు. మల్లక్క గడపలోనే నిలబడి, దీప సందు మలుపు తిరిగిందాకా చూసింది. దీప వెనక్కి తిరగలేదు.